సివిల్ కేసు గెలవాలంటే న్యాయం మన వైపు ఉంటే చాలా?

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో టీ తాగుతుంటే మా టీములో ఒకతను అడిగాడు. "అన్నా, నువ్వు కోర్టుల చుట్టూ తిరిగావు కదా. నా పాత రూమ్మేట్ 6 లక్షలు తీసుకుని ఇవ్వట్లేదు. కేసు వేస్తే గెలుస్తానా?"

"నీ దగ్గర ఏముంది?" అన్నాను.

"ఏముండటమేంటన్నా! నేనిచ్చింది నిజం, వాడు తీసుకుంది నిజం. న్యాయం నా వైపే ఉంది కదా!"

నాకు నవ్వొచ్చింది. వెంటనే జాలి కూడా వేసింది. ఎందుకంటే 2016లో నేను మా లాయరుగారి ఆఫీసులో కూర్చుని అచ్చంగా ఇదే మాట అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "న్యాయం సంగతి తర్వాత చూద్దాం, ముందు కాగితాలు తియ్యండి" అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఇప్పుడు ఆ టీ బండి దగ్గర నేనూ అదే మాట అంటున్నాను. అతనికి చెప్పిందంతా ఒకచోట రాసి పెడితే ఇంకో నలుగురికి పనికొస్తుందని ఈ ప్రయత్నం. నేను లాయర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. నా కేసు నాకు నేర్పిన పాఠాలు మాత్రమే ఇవి. మీ కేసుకి మీ లాయర్ని అడగండి.

ముందు నా కథ. ఊరి శివారు లేఅవుట్లో 2009లో 200 గజాల ప్లాటు కొన్నాను. రిజిస్ట్రేషన్ అయింది, డాక్యుమెంటు బీరువాలో పెట్టాను, ప్రాజెక్టుల్లో పడి మర్చిపోయాను. 2016లో ఒక ఆదివారం వెళ్ళి చూస్తే నా ప్లాటుతో పాటు పక్క రెండు ప్లాట్ల చుట్టూ కడీలు పాతి ఉన్నాయి. ఆ స్థలం మాదేనని, మా దగ్గరా డాక్యుమెంటు ఉందని అక్కడున్నాయన చెప్పాడు. ఆ రోజు రాత్రి నిద్ర లేదు. ఆ ప్లాటు మా అమ్మ గాజులు అమ్మి కట్టిన అడ్వాన్సుతో కొన్నది.

"అర్జెంటుగా స్టే తెచ్చేద్దాం సార్" అన్నాడు నేను మొదట కలిసిన లాయరు. తెచ్చాడు కూడా. అవతలివాళ్ళకి నోటీసు వెళ్ళకముందే తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. నేను ఆఫీసులో స్వీట్లు పంచాను! కేసు గెలిచేశాననుకున్నాను. రెండు నెలలకి అవతలివాళ్ళు కౌంటరు వేశారు, ఆ ఆర్డరు ఎగిరిపోయింది. అప్పుడు తెలిసింది, తాత్కాలిక ఇంజంక్షన్ అంటే గెలుపు కాదని. పైపైన చూస్తే కేసులో పస ఉందా, ఆర్డరు ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే పూడ్చలేని నష్టం జరుగుతుందా... ఈ మూడూ చూసి, అసలు కేసు తేలేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచడానికి ఇచ్చేదది. స్వీట్లు పంచాల్సిన విషయం కాదు.

ఇంకో పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాల ఆయన ఆయనే. నా దావా కాగితం చదివి, "మీరు కోర్టుని ఏం అడిగారు?" అన్నారు. "నా స్థలం నాకు ఇప్పించమని." "లేదు. మీరు అలా అడగలేదు. అవతలివాళ్ళు జోక్యం చేసుకోకుండా ఆపమని మాత్రమే అడిగారు. స్థలం మీదని ప్రకటించమని అడగలేదు. స్వాధీనం ఇప్పించమనీ అడగలేదు."

అప్పుడాయన ఒక వరంగల్ కేసు చెప్పారు. భూమి కేసులు చూసే లాయర్లందరికీ తెలిసిన తీర్పు అది, అనాథుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి. ప్లాటున్న ప్రతివాడూ ఈ కథ తెలుసుకోవాలి.

వరంగల్ మట్టెవాడలో రెండు చిన్న స్థలాలు, రెండూ కలిపినా 300 గజాలకు మించవు. 1968లో ఇద్దరు కొనుక్కున్నారు, రిజిస్టర్డ్ డాక్యుమెంట్లు ఉన్నాయి. అమ్మినావిడ సోదరుడు 1977లో అదే స్థలాన్ని ఇంకొకరికి అమ్మేశాడు, అదీ రిజిస్టర్డే. 1978లో మొదట కొన్నవాళ్ళు పునాదులు తవ్వుతుంటే రెండోసారి కొన్నాయన వచ్చి అడ్డుపడ్డాడు. వీళ్ళు కోర్టుకెళ్ళారు. ఏమడిగారు? ఇంజంక్షన్. అదొక్కటే. మరి అమ్మినావిడకి ఆ స్థలం ఎలా వచ్చిందంటే, 1961లో పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చారని సాక్ష్యంలో చెప్పారు. మన ఇళ్ళల్లో జరగనిదేం కాదు. కానీ ఆ మాట దావాలో ఎక్కడా రాయలేదు.

కింది కోర్టులో గెలిచారు. అప్పీల్లో ఓడారు. 1999లో హైకోర్టులో మళ్ళీ గెలిచారు. 2008 మార్చిలో సుప్రీం కోర్టులో ఓడిపోయారు. పునాదుల దగ్గర గొడవ మొదలైన 30 ఏళ్ళకి! అలాగని స్థలం వాళ్ళది కాదని సుప్రీం కోర్టు అనలేదు. హక్కు ఎవరిదో మేం తేల్చట్లేదు, కావాలంటే హక్కు ప్రకటన కోసం వేరే దావా వేసుకోండి అంది. దావాలో రాయని విషయం మీద ఎంత సాక్ష్యం తెచ్చినా పనికిరాదు, హక్కు మీదే ఇంత చిక్కుముడి ఉన్నప్పుడు ఒట్టి ఇంజంక్షన్ దావాలో దాన్ని విప్పకూడదు, ఇదీ సారాంశం.

30 ఏళ్ళు. అడగాల్సింది అడగనందుకు, రాయాల్సింది రాయనందుకు.

ఆ తీర్పులోనే దారి కూడా చెప్పారు. హక్కు మీద గొడవ లేకుండా, మీరు స్వాధీనంలో ఉంటే, ఎవరో ఊరికే అడ్డుపడుతుంటే ఇంజంక్షన్ చాలు. మీ హక్కు మీదే నీడ పడితే హక్కు ప్రకటన, దాంతోపాటు ఇంజంక్షన్ అడగాలి. స్థలం చేతిలోంచి పోయుంటే స్వాధీనం అడగాలి, హక్కు మీదా గొడవుంటే ప్రకటన కూడా కలపాలి. ఖాళీ ప్లాట్లకైతే ఇది మరీ ముఖ్యం. అక్కడ ఇల్లుండదు, మనిషుండడు. స్వాధీనం ఎవరిదో చెప్పాలంటే హక్కు ఎవరిదో చూడక తప్పదు.

మా పెద్దాయన నా దావాని సవరించారు. ప్రకటన, స్వాధీనం రెండూ చేర్చారు, దానికి అదనపు కోర్టు ఫీజు కట్టాను. విచారణ మొదలయ్యాక సవరణకి అనుమతి దొరకడం చాలా కష్టమట. ముందే ఎందుకు అడగలేకపోయారో కోర్టుకి గట్టి కారణం చూపించాలి. నా అదృష్టం, అప్పటికింకా విచారణ మొదలవలేదు.

మన భాషలో చెప్పాలంటే దావా అనేది రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు. అందులో లేని ఫీచరు డెమోలో చూపించి డబ్బులడిగితే క్లయింటు ఇవ్వడు. జడ్జిగారూ అంతే. సినిమా చూసి చూసి మనకి కేసంటే చివర్లో లాయరు టేబుల్ గుద్ది మాట్లాడే సీను అనుకుంటాం. సివిల్ కేసు సగం గెలిచేదీ సగం ఓడేదీ మొదటిరోజు ఫైల్ చేసే ఆ పది పదిహేను పేజీల్లోనే. అదేమో మనం చదవకుండా సంతకం పెడతాం!

చదవకుండా సంతకం పెట్టినందుకు నాకు పడ్డ దెబ్బ కూడా చెప్తాను. సివిల్ కేసుల్లో మన వాంగ్మూలం ముందు అఫిడవిట్ రూపంలో ఇస్తాం, తర్వాత అవతలి లాయరు క్రాస్ చేస్తాడు. నా అఫిడవిట్లో "కొన్ననాటి నుంచి నేటి వరకు ప్రతి నెలా స్వయంగా వెళ్ళి చూసుకుంటున్నాను" అని ఉంది. గుమస్తా పాత ఫైలు లోంచి కాపీ పేస్ట్ చేసిన వాక్యం. నేను చూసుకోలేదు. క్రాస్‌లో అవతలి లాయరు ఒక కాగితం తీశాడు. నా లింక్డిన్ ప్రొఫైల్ ప్రింటవుట్! 2011 నుంచి ఏడాదిన్నర నేను ఆన్‌సైట్‌లో, న్యూజెర్సీలో ఉన్నానని నేనే గొప్పగా రాసుకున్నాను. "అక్కడినుంచి నెలనెలా ఎలా వచ్చారండీ?" కోర్టు హాల్లో నలుగురు నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. "ఆ వాక్యం తప్పు సార్, నేను సరిగా చదవలేదు" అని ఒప్పేసుకున్నాను. ఒప్పుకోవడమే మంచిదైందని తర్వాత మా లాయరుగారు అన్నారు. చిన్న అబద్ధాన్ని కాపాడటానికి ఇంకోటి చెప్పుంటే, నేను చెప్పిన నిజాలు కూడా దాంతో పాటే కొట్టుకుపోయేవి.

ఇక రుజువు సంగతి. క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావు లేకుండా నిరూపించక్కర్లేదు. రెండు కథల్లో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఆ తక్కెడలో మొదట బరువు పెట్టాల్సింది దావా వేసినవాడే. అవతలివాడి డాక్యుమెంటు దొంగదని నిరూపిస్తే మనం గెలిచినట్టు కాదు. సికింద్రాబాద్ దగ్గర కాకాగూడ భూమి విషయంలో వాసవి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీకి, కేంద్ర ప్రభుత్వానికి నడిచిన కేసులో సుప్రీం కోర్టు 2014లో ఈ మాటే ఖాయం చేసింది. సొసైటీ కింది కోర్టులోనూ హైకోర్టులోనూ గెలిచి కూడా అక్కడ ఓడిపోయింది. వాది తన హక్కు బలం మీద గెలవాలి తప్ప ప్రతివాది బలహీనత మీద కాదు.

నన్ను నిలబెట్టింది ఏమిటంటే, నేను పెద్దగా పట్టించుకోని కాగితాలు. నాకు అమ్మినవాడికి ఎవరు అమ్మారు, వాళ్ళకి ఎవరు అమ్మారు అని వెనక్కి వెళ్ళే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పహాణీ నకళ్ళు, ఎల్ఆర్ఎస్ కట్టిన రసీదు. వీటికి తోడు కోర్టు వేసిన కమిషనరు సర్వేయర్ని తీసుకొచ్చి కొలిపించిన రిపోర్టు. నా డాక్యుమెంటులో ఉన్న హద్దులూ నేల మీద ఉన్న ప్లాటూ ఒకటేనని దాంతో తేలింది. హద్దులు కుదరక కొట్టుకుపోయే కేసులు బోలెడు. మీరు కొనేటప్పుడు నాలుగు దిక్కులా ఏం రాస్తున్నారో దయచేసి చదవండి. ఒక రోజు సెలవు పెట్టి చదవండి.

ఇప్పుడు మా టీ బండి దగ్గరికి వద్దాం. 6 లక్షలు మూడు దఫాలుగా ఆన్‌లైన్లో పంపాడు. "బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉందన్నా, అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు. స్టేట్‌మెంట్ డబ్బు వెళ్ళిందని చెప్తుంది, ఎందుకు వెళ్ళిందో చెప్పదు. రేపు ఆ రూమ్మేట్ వచ్చి "అది అప్పు కాదు సార్, ఇద్దరం కలిసి పెట్టిన వ్యాపారంలో అతని వాటా, మునిగిపోయింది" అంటే? "నేను ఇదివరకు ఇచ్చిన బాకీ తీర్చాడు" అంటే? అప్పు అనే మాట ఎక్కడో ఒకచోట ఉండాలి.

"వాట్సాప్‌లో ఉందన్నా, జూన్ కల్లా ఇచ్చేస్తాను రా అని పెట్టాడు." భేష్. ఫోనేది? మార్చేశాడు. చాట్ బ్యాకప్ లేదు, స్క్రీన్ షాట్లున్నాయి. ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటు తీసి కోర్టుకిస్తే దానితో పాటు సర్టిఫికెట్ జతచేయాలి. ఇది తప్పనిసరని 2020లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్ నమూనాలో హాష్ వాల్యూ కూడా రాయాలి. ఎస్‌హెచ్‌ఏ 256 లాంటివి పేరు పెట్టి మరీ ఉన్నాయి. ఒక భాగం మనం, ఒక భాగం నిపుణుడు నింపాలి. మన ఫీల్డువాళ్ళకి ఇంతకన్నా తెలిసిన విషయం ఏముంది చెప్పండి? ప్రొడక్షన్ సర్వర్లో లాగులు తొంభై రోజులు దాస్తాం, ఆరు లక్షల అప్పుకి సాక్ష్యమైన ఫోన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తాం :-)

తర్వాత అడిగాను, "ఇచ్చి ఎన్నాళ్ళయింది?" వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రెండు సంవత్సరాల పది నెలలు దాటింది.

నా టీ చల్లారిపోయింది. చేబదులుకి గడువు ఇచ్చిన రోజునుంచి మూడేళ్ళు. 1963 నాటి లిమిటేషన్ చట్టం. ఆ గడువు దాటితే అప్పుకి కాలదోషం పడుతుంది. అప్పు నిజం కావచ్చు, తీసుకున్నవాడు కోటీశ్వరుడు కావచ్చు, దావా నిలవదు. ఎదుటివాడు ఆ మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలి. మన తాతలు నోటు వెనక ఎంతో కొంత చెల్లు వేయించి సంతకం పెట్టించుకునేవాళ్ళు చూడండి, అది చాదస్తం కాదు. గడువు ముగిసేలోపు అప్పున్నమాట నిజమేనని రాసి సంతకం పెట్టినా, కొంత కట్టి ఆ సంగతి రాసిచ్చినా అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. చదువురాని ముసలాళ్ళకి తెలిసిన సంగతి ఇంజనీరింగు చదివిన మనకి తెలీదు. గడువు దాటాక కూడా ఒక దారుంది, బాకీ తీరుస్తానని కొత్తగా రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఎగ్గొట్టేవాడు గడువు దాటాక సంతకం ఎందుకు పెడతాడు?

ఆఖరి ప్రశ్న, అందరూ మర్చిపోయేది. "గెలిచావనుకుందాం. వాడి పేరు మీద ఏముంది?"

డిక్రీ అంటే డబ్బు కాదు. డబ్బు రావాల్సుందని కోర్టు రాసిచ్చిన కాగితం. దాన్ని అమలు చేయించుకోవడానికి ఈపీ అని మళ్ళీ ఒక పిటిషన్. మన దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే గమనించింది. ఆరు నెలల్లో ఈపీలు తేల్చమని సుప్రీం కోర్టు 2021లో కింది కోర్టులకి చెప్పాల్సొచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. ఎంతో దూరం ఎందుకు, మనకి దగ్గర్లోనే హైదర్‌నగర్ పైగా భూముల గొడవ ఉంది. ఎప్పుడో వేసిన పార్టిషన్ దావా, 1963లో ప్రాథమిక డిక్రీ, దాని తాలూకు పంచాయితీ మీద 2023లో కూడా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అందుకే ఎదుటివాడి ఆస్తేమిటో ముందే తెలుసుకోవాలి. ఫ్లాటుందా, ఎవరి పేరున ఉంది? ఉద్యోగమా? జీతం జప్తు చేయొచ్చు, కానీ మొత్తం కాదు. మామూలు బాకీలకైతే మొదటి 1000 రూపాయలూ, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులూ వదిలేయాలి. అమెరికా వెళ్ళిపోతే ఇక్కడి డిక్రీ అక్కడ నేరుగా అమలు కాదు. ఉన్నది అమ్మేసే ప్రయత్నంలో ఉంటే తీర్పుకి ముందే జప్తు అడిగే వీలుంది, దానికీ ఆధారం చూపించాలి.

ఇదంతా చెప్తే "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట, అంతేగా అన్నా" అన్నాడు. నేను ఆ సామెతని ఒప్పుకోను. అది పెట్టుకునే మన దగ్గర కబ్జాదారులు బతుకుతున్నారు. మనం కోర్టుకి రామని వాళ్ళ నమ్మకం. రాజీ అవమానం కూడా కాదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదీ డిక్రీతో సమానమే, కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. కానీ రాజీకి రావాలన్నా ఎదుటివాడికి మనం గెలవగలమన్న భయం ఉండాలి. ఆ భయం మన ఫైల్లోంచి పుడుతుంది, మన కోపంలోంచి కాదు.

నా విషయానికొస్తే, హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఎల్బీ నగర్‌లో దిగడం నాకు ఆఫీసు దారికన్నా బాగా అలవాటైంది. 2024లో నాకు అనుకూలంగా తీర్పొచ్చింది. అవతలివాళ్ళు అప్పీలు వేశారు. కడీలు ఇంకా అక్కడే ఉన్నాయి. అమ్మకి మాత్రం గెలిచామనే చెప్పాను, అదేం అబద్ధం కాదు కదా.

మా టీమతను ఆ సాయంత్రమే రూమ్మేట్‌కి ఫోన్ చేశాడు, ఒక కాగితం మీద సంతకం పెట్టమని. "నన్ను నమ్మట్లేదా?" అన్నాడట అతగాడు. ఈ ఒక్క మాటకి సిగ్గుపడి వెనక్కి తగ్గినవాళ్ళు ఎంతమందో! ఇతను తగ్గలేదు. లీగల్ నోటీసు పంపించాడు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చింది వాళ్ళ తమ్ముడికేనట, ఇంకా ఫార్మాట్ చేయలేదట, చాట్ దొరికింది. మూడేళ్ళు నిండటానికి తొమ్మిది రోజుల ముందు దావా ఫైల్ చేశాడు. ఫైల్ చేసేముందు ఆ పన్నెండు పేజీలూ నాకు పంపించాడు. మూడో పేజీలో రెండో దఫా తేదీ తప్పు పడింది. దిద్దించాం.

గెలుస్తాడా అంటే తెలీదు. గెలవడానికి వీలున్న కేసు మాత్రం ఇప్పుడు అతని చేతిలో ఉంది.